ఫ్లెక్సిబుల్ మాన్యుఫ్యాక్చరింగ్ సెల్‌లో మోడ్‌ల నమూనా, నియంత్రణ: ఆటోకు తిరిగి వచ్చే దారిని ముందుగా గీయడం ఎలా

బెంగళూరులో పీణ్యా, బొమ్మసంద్ర, జిగణి వైపు యంత్రశాలల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్లలో చాలామందికి సీఎన్‌సీ (కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే యంత్రాల) ప్రోగ్రామింగు, ల్యాడర్ (యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్ అయిన పీఎల్‌సీకి రాసే ప్రోగ్రామ్) రాయడం కొట్టిన పిండి. అయితే రెండు మూడు మెషీనింగ్ సెంటర్లను ఒక ప్యాలెట్ బండితో (తయారవుతున్న ముక్కలను బిగించే పలకలైన ప్యాలెట్లను మోసే బండితో) కలిపి ఒకే సెల్‌గా నడపవలసి వచ్చినప్పుడు ఇబ్బంది విడి యంత్రాల ప్రోగ్రాముల్లో తలెత్తదు. ఒక యంత్రం సెటప్‌లో, ఇంకొకటి ఆటోలో, బండి మాన్యువల్‌లో ఉన్నప్పుడు సెల్ మొత్తం ఏ మోడ్‌లో ఉన్నట్టు, ఏ ఆజ్ఞను స్వీకరించాలి, దేనిని తిప్పికొట్టాలి అన్న దగ్గర తలెత్తుతుంది. ఆటో నుంచి బయటికి రావడానికి ఒక ఎమర్జెన్సీ బటన్ చాలు. తిరిగి ఆటోకు చేరే దారిని ముందే గీయకపోతే మాత్రం ప్రతి చిన్న ఆటంకానికీ సెల్ ప్రోగ్రామర్ రాక కోసం ఎదురుచూస్తుంది. అందువల్ల ఇక్కడ నమూనాను మొదటి నుంచీ ఆ తిరుగు దారిని దృష్టిలో పెట్టుకొని కడదాం.

వివరణ కోసం ఒక సెల్‌ను ఊహించుకుందాం. అందులో ఎం1, ఎం2 అనే రెండు హారిజాంటల్ మెషీనింగ్ సెంటర్లు, ఒక వాషింగ్ మెషీన్, పట్టాల మీద నడిచే ఒక ప్యాలెట్ బండి, రెండు లోడింగ్ స్టేషన్లు, పది గళ్ల ప్యాలెట్ ర్యాక్ ఉన్నాయి. ఒక్కో మెషీనింగ్ సెంటర్‌లో టేబుల్ మీద ఒక ప్యాలెట్, బయట వెయిటింగ్ స్థానంలో ఒక ప్యాలెట్ పడతాయి. సెల్‌లో తిరిగే ప్యాలెట్లు 14. తయారయ్యే జాబ్‌లు, అంటే విడిభాగాలు, రెండు రకాలు: పంపు హౌసింగ్, గేర్‌బాక్స్ కవర్.

మొదటి అడుగు: యంత్రాలతో కాక, చేయవలసిన పనితో మొదలుపెట్టడం

సాధారణంగా యంత్రాల జాబితా రాసుకొని, ఒక్కోదానికి ఆటో, మాన్యువల్ అని రెండు బిట్లు పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ పద్ధతిలో ఎం2 చెడిపోయినప్పుడు సెల్ ఇంకా ఏమి చేయగలదన్న ప్రశ్నకు జవాబు ఎక్కడా రాసి ఉండదు. ఫ్రాన్సులోని లీల్ నగర పరిశోధకులు 1990లలో అభివృద్ధి చేసిన ఆలోచనా విధానం ఇక్కడ అక్కరకు వస్తుంది. దాని ప్రకారం అన్నిటికంటే కింద యంత్రాలు, వాటి పైన అవి చేసే పనులు, అన్నిటికంటే పైన ఆ పనులన్నీ కలిసి నెరవేర్చే లక్ష్యాలు ఉంటాయి. ఒక మెట్టుకూ దాని పై మెట్టుకూ మధ్య సంబంధం 'ఇవన్నీ ఉండాలి' అనో, 'వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు' అనో ఉంటుంది.

మన సెల్‌లో పంపు హౌసింగ్ తయారు కావాలంటే ఎం1, ఎం2లలో ఏదో ఒకటి, వాషింగ్ మెషీన్, బండి, లోడింగ్ స్టేషన్లలో ఏదో ఒకటి ఉండాలి. గేర్‌బాక్స్ కవర్‌లో లోతైన రంధ్రాలున్నాయనీ, స్పిండిల్ (టూల్‌ను తిప్పే ఇరుసు) గుండా వచ్చే అధిక పీడన కూలెంట్ ఎం1కు మాత్రమే ఉందనీ అనుకుంటే, ఆ లక్ష్యానికి ఎం1 తప్పనిసరి. ఈ రెండు వాక్యాలను తార్కిక సమీకరణాలుగా రాసి పెట్టుకుంటే, ఎం1 ఆగిన క్షణంలో 'కవర్ల తయారీ సాధ్యం కాదు, హౌసింగ్‌ల తయారీ తగ్గిన వేగంతో సాధ్యం' అన్న తీర్పు నమూనా నుంచే వస్తుంది. దాన్ని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఊహించనక్కరలేదు.

ఈ దశలో ఒక అసౌకర్యమైన ప్రశ్న వేసుకోవాలి. వాషింగ్ మెషీన్ ఆగితే సెల్ ఆగాలా? సమీకరణం ప్రకారం ఆగాలి. కానీ కడగని జాబ్‌లను ర్యాక్‌లో కొంతసేపు ఉంచవచ్చు గనుక, పరిమిత కాలం పాటు నడపవచ్చు. ఎంత కాలమన్నది కూలెంట్ ఆరిపోయి జాబ్ మీద మరక పడే సమయం మీద, ర్యాక్‌లోని ఖాళీ గళ్ల మీద ఆధారపడుతుంది. ఇది క్వాలిటీ విభాగం తేల్చవలసిన సంగతి, ప్రోగ్రామర్ తనంతట తాను ఒక టైమర్ విలువ వేసి ఊరుకోకూడదు.

రెండవ అడుగు: మోడ్, స్థితి, ఆరోగ్యం అనే మూడింటినీ విడదీయడం

షాప్ ఫ్లోర్ మీద 'యంత్రం ఏ మోడ్‌లో ఉంది?' అని అడిగితే 'ఆటో' అనీ, 'ఆగిపోయింది' అనీ, 'ఫాల్ట్' అనీ మూడు రకాల జవాబులు వస్తాయి. ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నమూనాలో వీటికి మూడు వేర్వేరు చరరాశులు ఉండాలి.

మొదటిది మోడ్: ఆటో, మాన్యువల్, సెటప్, మెయింటెనెన్స్. యంత్రం మీద అధికారం ఎవరిదో ఇది చెబుతుంది. రెండవది స్థితి: ఆగి ఉన్నది, సిద్ధంగా ఉన్నది, నడుస్తున్నది, నిలిపి ఉంచినది, ముగిస్తున్నది, అత్యవసరంగా ఆగినది. మూడవది ఆరోగ్యం: బాగున్నది, లోపంతో పనిచేస్తున్నది, పనికిరానిది. నాలుగు, ఆరు, మూడు గుణిస్తే ఒక్క యంత్రానికి 72 కలయికలు వస్తాయి. రెండు లోడింగ్ స్టేషన్లను ఒకటిగా లెక్కించినా మన సెల్‌లో ఐదు భాగాలున్నాయి, అంటే 72ను ఐదుసార్లు గుణించాలి. ఆ లెక్క 193 కోట్లు దాటుతుంది. సెల్ మొత్తానికి ఒకే పెద్ద స్థితి చిత్రం గీద్దామనుకునేవారికి ఈ ఒక్క లెక్క చాలు. చిన్న చిత్రాలు గీసి, వాటి మధ్య నియమాలు పెట్టడం ఒక్కటే దారి.

ప్రతి యంత్రానికీ 72 కలయికల పట్టిక గీసి, అర్థంలేనివాటిని కొట్టివేయండి. 'మెయింటెనెన్స్ మోడ్‌లో నడుస్తున్నది' అన్నది ఉండవచ్చా? స్పిండిల్ బేరింగ్ పరీక్షించడానికి ఉండవలసి వస్తుంది. 'ఆటోలో, పనికిరానిది' అన్నది? ఉండనివ్వకూడదు. ఆరోగ్యం పనికిరానిదిగా మారిన వెంటనే యంత్రం ఆటో నుంచి వైదొలగాలి. పట్టిక పూర్తయ్యేసరికి మిగిలేవి సాధారణంగా చాలా తక్కువే.

మూడవ అడుగు: గెమ్మా పటం నింపడం

1977లో ఫ్రాన్సులో గ్రాఫ్‌సెట్ (యంత్రం పని దశలను వరుసగా గీసి చూపే చిత్రపద్ధతి) రూపుదిద్దుకుంది. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి ఈనాటి ఐఈసీ 60848 ప్రమాణం దాని నుంచే వచ్చింది. ఆ తరువాత 1980ల ఆరంభంలో అక్కడి అడెపా సంస్థ గెమ్మా అనే పటాన్ని తయారుచేసింది. ఒకే కాగితం మీద గడులు గీసి, వాటిని మూడు కుటుంబాలుగా విభజించారు: ఆపివేతలకు 'ఏ' కుటుంబం, నడకకు 'ఎఫ్' కుటుంబం, లోపాలకు 'డీ' కుటుంబం. ఏ1 అంటే మొదటి స్థితిలో ఆగి ఉండటం, ఏ2 అంటే సైకిల్ చివర ఆగమని కోరడం, ఎఫ్1 అంటే సాధారణ ఉత్పత్తి, డీ1 అంటే అత్యవసర ఆపివేత, డీ3 అంటే లోపం ఉన్నా ఉత్పత్తి కొనసాగించడం. పాత పద్ధతే అయినా, మెయింటెనెన్స్, ప్రొడక్షన్ వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఇంతకంటే మంచి కాగితాన్ని నేను చూడలేదు.

పటం నింపేటప్పుడు అందరూ ఎఫ్1 దగ్గర గంటల తరబడి చర్చిస్తారు. అక్కడ చెప్పుకోవలసినది తక్కువ. సమయమంతా పెట్టవలసినది ఏ5, ఏ6, ఏ7 గడుల మీద. లోపం తరువాత తిరిగి నడపడానికి సిద్ధం చేయడం, మొదటి స్థితికి తీసుకురావడం, ఎంచుకున్న ఒక నడిమి స్థితికి తీసుకురావడం అనే ఈ మూడూ తిరుగు దారులు. వీటిని ఖాళీగా వదిలేస్తే, అసలు సెల్‌లో వాటి స్థానాన్ని ఎవరో అనుభవజ్ఞుడైన ఆపరేటర్ జ్ఞాపకశక్తి తీసుకుంటుంది. ఆయన సెలవు పెట్టిన రోజున సెల్ నిలిచిపోతుంది.

డీ1 గడి నింపేటప్పుడు ఐఈసీ 60204-1 చెప్పే మూడు రకాల ఆపివేతలను గుర్తుంచుకోవాలి. సున్నా వర్గంలో విద్యుత్తును వెంటనే తీసివేస్తారు. ఒకటవ వర్గంలో కదలికను అదుపులో ఆపి, ఆ తరువాత విద్యుత్తు తీసివేస్తారు. రెండవ వర్గంలో అదుపులో ఆపి విద్యుత్తును ఉంచుతారు. అత్యవసర ఆపివేత మొదటి రెండింటిలో ఒకటై ఉండాలి. వేగంగా తిరిగే స్పిండిల్‌కూ, బరువైన ప్యాలెట్‌తో పరుగెత్తే బండికీ చాలా సందర్భాల్లో ఒకటవ వర్గమే తగినది, ఎందుకంటే విద్యుత్తును ఒక్కసారిగా తీసివేస్తే అవి తమంతట తాము ఆగేసరికి ఎక్కువ సమయం పడుతుంది. బటన్‌ను పైకి లాగి రీసెట్ చేసినంత మాత్రాన ఏదీ దానంతట అది మొదలుకాకూడదు. ఆ తరువాత వేరుగా స్టార్ట్ ఆజ్ఞ రావాలి.

నాలుగవ అడుగు: మన చేతిలో ఉన్న సంఘటనలు, లేనివి

రామడ్జ్, వోనమ్ అనే ఇద్దరు 1980లలో ప్రతిపాదించిన పర్యవేక్షక నియంత్రణ సిద్ధాంతం సంఘటనలను రెండుగా చీల్చింది: కంట్రోలర్ ఆపగలిగేవి, ఆపలేనివి. బండిని పంపడం, సైకిల్ మొదలుపెట్టడం, ప్యాలెట్ మార్చడం మొదటి రకం. టూల్ విరగడం, ఎవరో తలుపు తెరవడం, కరెంటు పోవడం, సైకిల్ ముగియడం రెండవ రకం. ఆపలేని సంఘటన జరగదని నమ్ముకొని రాసిన నియమం నిలబడదన్నదే అందులోని సారం.

ఉదాహరణకు 'బండి ఎం1 దగ్గరికి వచ్చేసరికి ఎం1 సైకిల్ ముగియకూడదు' అని ఎవరూ రాయరు, కానీ ల్యాడర్‌లో పరోక్షంగా అదే ఉంటుంది: సైకిల్ ముగిసిన సంకేతం ఒక్క స్కాన్ (పీఎల్‌సీ ప్రోగ్రామును ఒకసారి చదివే కొద్దిపాటి వ్యవధి) పాటు వచ్చి పోతుంది, బండి ఆ సమయంలో వేరే పనిలో ఉంటే ఆ సంకేతాన్ని ఎవరూ పట్టుకోరు. కాబట్టి సంఘటనల జాబితా రాసి, ఆపలేని ప్రతి సంఘటన ఎదురుగా 'ఇది ప్రతి మోడ్‌లోనూ, ప్రతి స్థితిలోనూ వస్తే ఏమవుతుంది?' అన్న గడి నింపాలి. విసుగు పుట్టించే పని, నిజమే. ఆ పట్టికలోని ఖాళీ గడులే తరువాత అర్ధరాత్రి ఫోన్ కాల్‌లవుతాయి.

ఐదవ అడుగు: మోడ్‌ల మధ్య పొత్తు నియమాలు

మోడ్ కోరికలు పై నుంచి కిందికి దిగుతాయి, ఆరోగ్య సమాచారం కింది నుంచి పైకి ఎక్కుతుంది. సెల్‌ను ఆటోలో పెట్టమని కోరితే, ఆ కోరిక లక్ష్యాల నుంచి పనులకు, పనుల నుంచి యంత్రాలకు చేరాలి. ఎం2 సెటప్‌లో ఉండి లోపల మనిషి ఉంటే ఆ యంత్రం కోరికను నిరాకరించాలి. అప్పుడు సెల్ ఎం2ను మినహాయించి ఆటోలోకి వెళ్లవచ్చునా అన్నది మొదటి అడుగులో రాసిన సమీకరణం చెబుతుంది.

అడ్డంగా కూడా నియమాలు ఉంటాయి. ఎం1 సెటప్‌లో ఉంటే బండి ఎం1 వెయిటింగ్ స్థానానికి రాకూడదు, కానీ ఎం2కు సేవ చేయవచ్చు. బండి మాన్యువల్‌లో ఉంటే ఏ యంత్రమూ ప్యాలెట్ మార్పిడి చేయకూడదు. సెల్‌ను రక్షణ మండలాలుగా విడగొట్టి, ఏ బటన్ ఏ మండలాన్ని ఆపుతుందో నిర్ణయించడానికి ఐఎస్‌ఓ 11161 ప్రమాణం మార్గం చూపిస్తుంది. మనిషి ప్రాణానికి సంబంధించిన నియమం ఏదైనా సేఫ్టీ పీఎల్‌సీలోనో, సేఫ్టీ రిలేలోనో ఉండాలి. మోడ్ నమూనా ఆ తీర్పును చదువుకుంటుందే తప్ప దాన్ని మార్చలేదు.

ఆరవ అడుగు: లోపమున్న మోడ్‌లో ప్రతిష్టంభన లెక్క

కార్ల్ ఆడమ్ పెట్రి 1962లో తన సిద్ధాంత గ్రంథంలో ప్రవేశపెట్టిన నెట్లు (స్థానాలు, వాటి మధ్య కదిలే గుర్తులతో వ్యవస్థను చూపే చిత్రాలు) ఇక్కడ, అంటే ఒకదాని కోసం ఒకటి ఆగి ఏదీ కదలని ప్రతిష్టంభనను ముందే కనిపెట్టడానికి, ఉపయోగపడతాయి. ఈ నెట్లను తయారీ వ్యవస్థలకు అన్వయించడంలో మన బెంగళూరు వెనుకబడి లేదు. భారతీయ విజ్ఞాన సంస్థలో ఎన్. విశ్వనాథం, వై. నరహరి 1980లలోనే ఈ రంగంలో పనిచేశారు, ప్రతిష్టంభనను నివారించడం, తప్పించుకోవడం మీద 1990లో వెలువడిన వారి పరిశోధనను ఈనాటికీ ఉదహరిస్తారు.

మన సెల్‌కు లెక్క వేద్దాం. ర్యాక్‌లో 10, రెండు యంత్రాల్లో కలిపి 4, వాషింగ్‌లో 1, లోడింగ్ స్టేషన్లలో 2, మొత్తం 17 స్థానాలు. ప్యాలెట్లు 14. పగటిపూట మూడు ఖాళీలు ఉంటాయి, చిక్కు లేదు. రాత్రి మనుషులు లేకుండా నడిపే మోడ్‌లో లోడింగ్ స్టేషన్లకు తాళం పడుతుంది. అప్పుడవి ఖాళీగా ఉన్నాయనుకుంటే 15 స్థానాల్లో 14 ప్యాలెట్లు, ఒకే ఒక ఖాళీ. సరిగ్గా ఆ ఖాళీ ఎం1 వెయిటింగ్ స్థానంలో ఉన్న సమయంలో, టేబుల్ మీద ఒక ప్యాలెట్ ఉండగా, ఎం1 టూల్ విరిగి ఆ మండలం మూసుకుపోయిందనుకోండి. మిగిలినవి 13 స్థానాలు, 13 ప్యాలెట్లు. ఎం2 తన పని ముగించి పూర్తయిన ప్యాలెట్‌ను బయట పెడుతుంది, బండి దాన్ని ఎత్తుకుంటుంది, కానీ దింపడానికి ఎత్తిన చోటు తప్ప మరొకటి లేదు. ఎం2 బాగానే ఉంది, బండి బాగానే ఉంది, అయినా తెల్లవారేవరకు సెల్ కదలదు.

ప్యాలెట్లను 13కు తగ్గిస్తే? ఎం1 రెండు స్థానాలూ ఖాళీగా ఉన్నప్పుడు ఆగితే మళ్లీ 13 స్థానాల్లో 13 ప్యాలెట్లే. 12కు తగ్గిస్తే ఎటువంటి సందర్భంలోనైనా కనీసం ఒక ఖాళీ మిగులుతుంది. అంటే రాత్రి మోడ్‌కు మారే షరతుల్లో 'సెల్‌లో తిరిగే ప్యాలెట్లు 12కు మించకూడదు' అన్నది ఒకటి కావాలి. మిగిలిన రెండింటిని సాయంత్రం షిఫ్ట్ లోడింగ్ స్టేషన్ల మీద నుంచి బయటికి తీసి ఉంచాలి. ఒక యంత్రం ఆగడం గురించి మాత్రమే ఈ లెక్క. మీ సెల్‌లో స్థానాల సంఖ్య వేరు కనుక, ప్రతి మోడ్‌కూ, ప్రతి లోపానికీ ఇదే వరుసలో లెక్క వేసుకోవాలి. కాగితం మీద చేయగలిగినంత చిన్నదైతే సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేదు.

ఏడవ అడుగు: తిరుగు దారి

ఆటోలో నడిచేటప్పుడు పీఎల్‌సీ జ్ఞాపకంలో ఒక బొమ్మ ఉంటుంది: ఏ గడిలో ఏ ప్యాలెట్, దాని మీద ఏ జాబ్, ఎంతవరకు పూర్తయింది. మాన్యువల్‌లోకి మారిన మరుక్షణం నుంచి ఆ బొమ్మ వాస్తవానికి దూరం కావచ్చు. ఆపరేటర్ ప్యాలెట్‌ను మూడో గడి నుంచి ఐదో గడికి మార్చి ఉండవచ్చు, జాబ్‌ను విప్పి ఉండవచ్చు, కొత్త టూల్ వేసి ఆఫ్‌సెట్ (యంత్రానికి చెప్పే టూల్ కొలత) మార్చకపోయి ఉండవచ్చు.

నియమం ఇలా ఉండాలి. మాన్యువల్‌లో తాకడానికి వీలున్న ప్రతి సమాచారాన్నీ ఆ మోడ్‌లోకి వెళ్లినప్పుడే 'సందిగ్ధం' అని గుర్తించాలి. తిరిగి ఆటోకు రావడానికి ముందు ప్రతి సందిగ్ధాన్నీ తీర్చాలి. గడిలో ప్యాలెట్ ఉందో లేదో ప్రాక్సిమిటీ సెన్సర్ చెబుతుంది. అది ఏ ప్యాలెట్ అన్నది ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ చెబుతుంది. జాబ్ ఎంతవరకు పూర్తయిందన్నది ఏ సెన్సరూ చెప్పదు, దాన్ని మనిషి చూసి తెర మీద ధ్రువీకరించాలి. టూల్ విరిగినప్పుడు టేబుల్ మీద ఉన్న జాబ్ ముడిదీ కాదు, పూర్తయినదీ కాదు. దాన్ని మధ్య నుంచి దానంతట అదే మొదలుపెట్టే సౌకర్యం కొందరు అడుగుతారు. ఆ సౌకర్యాన్ని ఇవ్వకపోవడమే మంచిది. విరిగిన ముక్క రంధ్రంలోనే ఉండవచ్చు, తరువాతి టూల్ కూడా దాని మీద విరుగుతుంది. ఆ ప్యాలెట్‌ను పక్కన పెట్టి, తనిఖీ కోసం లోడింగ్ స్టేషన్‌కు పంపే దారిని మాత్రమే గీయండి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే వ్యవధిని కూడా ఒక ప్రత్యేక తిరుగు దారిగానే చూడాలి. పీఎల్‌సీకి యూపీఎస్ ఉంటే జ్ఞాపకం నిలుస్తుంది, కానీ డ్రైవ్‌లు పడిపోతాయి. బండి రెండు గళ్ల మధ్య ఆగి, ప్యాలెట్‌ను ఎత్తే దాని ఫోర్క్ సగం లోపల ఉండవచ్చు. కరెంటు తిరిగి రాగానే మొదటి కదలిక ఫోర్క్‌ను వెనక్కు తీయడమా, ముందుకు తోయడమా అన్నది ప్యాలెట్ ఫోర్క్ మీద కూర్చుందా లేదా అన్న ఒక్క సెన్సర్ మీద ఆధారపడుతుంది. ఆ సెన్సర్ లేకపోతే ముందు దాన్ని పెట్టించండి, తరువాతే ప్రోగ్రామ్.

ఎనిమిదవ అడుగు: పీఎల్‌సీలో రాయడం

మోడ్‌ను రాసే బ్లాకు ఒక్కటే ఉండాలి, మిగిలినవన్నీ దాన్ని చదవాలి. ప్రతి యంత్రానికీ కోరిన మోడ్, అనుమతించిన మోడ్, ప్రస్తుత మోడ్ అని మూడు విడి విలువలు ఉంచాలి. ఐఈసీ 60848లోని ఫోర్సింగ్ ఆజ్ఞ ద్వారా పై గ్రాఫ్‌సెట్ కింది గ్రాఫ్‌సెట్‌ను ఒక నిర్ణీత స్థితికి తేగలదు. అత్యవసర ఆపివేతను రాయడానికి ఇదే శుభ్రమైన పద్ధతి. స్థితుల పేర్లను మీరే కల్పించనక్కరలేదు. ప్యాకింగ్ యంత్రాల కోసం పుట్టిన ప్యాక్‌ఎమ్‌ఎల్ అనే ప్రమాణంలో 17 స్థితులు ఉన్నాయి, వాటిలో కావలసినవి తీసుకోవచ్చు.

తెర మీద 'ఎందుకు కాదు' అన్నది కనిపించాలి. అనంతపురం నుంచి వచ్చిన ఆపరేటర్ ఫోన్ చేసి "అన్నా, ఆటోలోనే పెట్నా, సైకిల్ స్టార్ట్ తీసుకోవడం ల్యా" అన్నప్పుడు, అవతలివాడు ల్యాప్‌టాప్ తెరిచి రంగ్ తరువాత రంగ్ (ల్యాడర్‌లోని ఒక్కో వరుస) వెతకకూడదు. 'ఎం1 వెయిటింగ్ స్థానంలోని ప్యాలెట్ 7 ధ్రువీకరణ మిగిలి ఉంది' అని తెరే చెప్పాలి. నిరాకరించిన ప్రతి షరతుకూ ఒక సందేశం చొప్పున, కన్నడం, తెలుగు, హిందీ, తమిళం మాట్లాడేవారు కలిసి పనిచేసే షాపులో ఆ సందేశాలను వారి భాషల్లోనూ పెట్టాలి.

తొమ్మిదవ అడుగు: పరీక్ష

గెమ్మా పటంలో గీసిన ప్రతి బాణాన్నీ కనీసం ఒకసారి నిజంగా నడిపి, పక్కన టిక్కు పెట్టాలి. ముందుగా సిమ్యులేషన్‌లో, తరువాత జాబ్ లేని ప్యాలెట్లతో, చివరగా అసలు జాబ్‌లతో. ఫోర్క్ సగంలో ఉండగా మెయిన్ స్విచ్ ఆపడం, ప్యాలెట్ మార్పిడి మధ్యలో తలుపు తెరవమని కోరడం, మాన్యువల్‌లో రెండు ప్యాలెట్లను తారుమారు చేసి ఆటోకు రావడానికి ప్రయత్నించడం తప్పనిసరి పరీక్షలు. చివరిదానిలో సెల్ ఆటోను నిరాకరించాలి. అంగీకరించిందంటే ఏడవ అడుగుకు వెనక్కు వెళ్లండి.

బెంగళూరు షాపుల్లో పూర్తి చల్లని స్థితి నుంచి మొదలుపెట్టడాన్ని పరీక్షించడానికి ఆయుధ పూజ మంచి అవకాశం. ఆ రోజు యంత్రాలన్నిటినీ ఆపి, తుడిచి, కుంకుమ పెట్టి, పూజ తరువాతే తిరిగి మొదలుపెడతారు. ఏ1 నుంచి ఎఫ్2 (నడకకు సిద్ధం చేయడం) మీదుగా ఎఫ్1కు చేరే దారిని, అంటే వేడెక్కించడం, హైడ్రాలిక్ పీడనం రావడం, మొదటి ప్యాలెట్ ధ్రువీకరణ, అన్నిటినీ సమయంతో సహా నమోదు చేయవచ్చు. నమోదులో ప్రతి మోడ్ మార్పుకూ సమయం, కోరినది ఎవరు, ముందు మోడ్, తరువాతి మోడ్, నిరాకరించి ఉంటే కారణం అనే ఐదు వివరాలు ఉంటే చాలు. కొద్ది వారాల నమోదును కారణాల వారీగా వడకడితే, ఏ షరతు ఎక్కువసార్లు ఆటోను అడ్డుకుంటున్నదో తేలుతుంది. తరువాతి సవరణను అక్కడి నుంచి మొదలుపెట్టండి.